సెల్ఫ్ కొడితే ‘టక్’మందా? తొందరపడకండి!

కారు కొన్న కొత్తలో రోజూ తుడుస్తాం. టైర్లలో గాలి చూసుకుంటాం. పెట్రోలు లెక్కలు రాసుకుంటాం. బానెట్ కింద ఓ మూలన ఒదిగి కూర్చున్న బ్యాటరీ మాత్రం ఎవరికీ గుర్తురాదు. అది గుర్తొచ్చేది ఒక్కరోజే... అది మొరాయించిన రోజు! కంగారులో తప్పులు చేసేదీ ఆరోజే.

తెల్లవారుజామున నాలుగింటికి విజయవాడలో ఓ ఇంట్లో హడావుడి మొదలైంది. పిల్లల పరీక్షలు అయిపోయాయి. అన్నవరంలో సత్యనారాయణ వ్రతం మొక్కు ఎప్పట్నుంచో ఉంది. పులిహోర డబ్బాలు, మంచినీళ్ల సీసాలు, పట్టుబట్టల సంచీ... అన్నీ గుమ్మం దగ్గర సిద్ధంగా ఉన్నాయి. సిద్ధంగా లేనిదల్లా కారే.

పిల్లలకు పరీక్షలని నెలరోజులుగా దాన్ని ఎవరూ కదపలేదు. ముందురోజు సాయంత్రం తాళం తిప్పితే ‘టక్... టక్...’ అని ఊరుకుంది. ఇంటాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ‘‘ఈమాత్రానికేనా బావా! రాత్రంతా చార్జింగ్ పెడితే సరి’’ అన్నాడు ఊర్నుంచి వచ్చిన బావమరిది. స్నేహితుడి దగ్గర్నుంచి పాత చార్జర్ ఒకటి పట్టుకొచ్చాడు. రాత్రి ఎనిమిదింటికి క్లిప్పులు తగిలించి, స్విచ్చేసి, దొంగల భయంతో షెడ్డు షట్టర్ కిందికి దించేసి వచ్చి పడుకున్నాడు.

నాలుగింటికి షట్టర్ సగం ఎత్తి లోపలికి దూరాడు. లోపల బల్బు వెలగలేదు. బానెట్ కిందకి వంగి, చార్జింగ్ ఎంతవరకూ వచ్చిందో చూద్దామని జేబులోంచి సిగరెట్ లైటర్ తీశాడు.

‘‘ఒరేయ్ అబ్బాయ్, ఆగక్కడ!’’

కేకేసింది కింది వాటాలో ఉండే తాతగారు. ఆర్టీసీ గ్యారేజీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. వాకింగ్‌కని గేటు దాకా వచ్చిన ఆయన ముక్కుకి కుళ్లిన కోడిగుడ్ల వాసన తగిలింది. అది ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పడానికి ఆయనకు అరక్షణం చాలు.

‘‘లైటర్ జేబులో పెట్టు. బయటికి రా. షట్టర్ మొత్తం ఎత్తు. ఆ క్లిప్పులు ముట్టుకోవద్దు’’ అంటూనే, మేడమీద మీటర్ బోర్డు దగ్గర షెడ్డు లైను ఆపేయమని ఇంటాయనకి చెప్పారు. గంటసేపు ఎవర్నీ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. తర్వాత టార్చిలైటు వేసి చూస్తే బ్యాటరీ పక్కలు బెలూన్‌లా ఉబ్బి ఉన్నాయి. ఇంకా వేడి దిగలేదు.

లైటర్ వెలిగి ఉంటే? తాతగారు చెప్పిన జవాబు విని ఆ కుర్రాడు మెట్లమీద కూలబడ్డాడు.

డబ్బాలో ఏముందంటే...

బ్యాటరీ అంటే కరెంటు నింపిన డబ్బా అనుకుంటారు చాలామంది. నిజానికి అందులో దాగుంది రసాయన శాస్త్రం. ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన పద్ధతే ఇప్పటికీ మన కార్ల బానెట్ల కింద నడుస్తోంది. ఒకవైపు సీసం పలకలు, మరోవైపు సీసం డయాక్సైడ్ పలకలు. వాటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఇలాంటి చిన్న గదులు ఆరు ఉంటాయి. ఒక్కో గదికి 2.1 వోల్టులు. ఆరు కలిస్తే 12.6. మనం వాడుకలో ‘12 వోల్టుల బ్యాటరీ’ అనేది దీన్నే.

ఒకప్పుడు కారు స్టార్ట్ చేయాలంటే ముందువైపు ఇనుప హ్యాండిల్ పెట్టి గిర్రున తిప్పాల్సిందే. ఇంజిన్ ఎదురుతన్నిందంటే చెయ్యి విరిగేది. ఆ బాధ తప్పించింది అమెరికా ఇంజినీరు చార్లెస్ కెటరింగ్. ఆయన రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చింది. అప్పట్నుంచీ ఇంజిన్‌ని నిద్రలేపే బాధ్యత బ్యాటరీది అయింది. చిన్న పెట్రోలు కారుకైనా ఆ రెండు మూడు క్షణాల్లో వంద ఆంపియర్లకు పైగా కరెంటు కావాలి. ఇంజిన్ తిరగడం మొదలయ్యాక అల్టర్నేటర్ అందుకుని, వాడిన కరెంటుని మళ్లీ బ్యాటరీకి జమ చేస్తుంది. అంటే ఇది బ్యాంకు ఖాతా లాంటిదే. తీస్తూపోయి వేయకపోతే ఖాళీ!

ఇక ఆ తెల్లవారుజాము సంగతికొస్తే... పూర్తిగా నిండిన బ్యాటరీకి ఇంకా కరెంటు ఎక్కిస్తూనే ఉంటే అది తీసుకోలేదు. అప్పుడా కరెంటు లోపలి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. ఆరు గదుల బ్యాటరీకి నిండాక కూడా 1 ఆంపియర్ చొప్పున గంటసేపు ఎక్కించారనుకోండి. దాదాపు 2.5 లీటర్ల హైడ్రోజన్ పుడుతుంది. గాలిలో నూటికి 4 పాళ్లు చేరితే చాలు, హైడ్రోజన్‌కి నిప్పంటుకుంటుంది. గదంతా నిండనక్కర్లేదు. బ్యాటరీ లోపలి ఖాళీలో, మూతల చుట్టూ ఉన్నది చాలు. ఒక్క నిప్పురవ్వతో బ్యాటరీ డబ్బా ముక్కలై, లోపలి యాసిడ్ వంగి చూస్తున్నవాళ్ల కళ్లలోకీ ముఖంమీదకీ చిమ్ముతుంది.

రవ్వకి లైటరే కారణం కానక్కర్లేదు. చార్జర్ పనిచేస్తుండగా క్లిప్పు లాగినా చిటుక్కుమంటుంది. అందుకే తాతగారు ‘ముట్టుకోవద్దు’ అన్నది.

నెలరోజులు కదపకపోతే...

‘‘కారు వాడనే లేదు, మరి బ్యాటరీ ఎందుకు అయిపోయింది?’’ ఆ ఇల్లాలికి వచ్చిన ఈ అనుమానం చాలామందికి వస్తుంది. కారు నిద్రపోయినా అందులోని గడియారం, దొంగల అలారం, రిమోట్ తాళం, ఇంజిన్ కంప్యూటర్ నిద్రపోవు. అన్నీ కలిసి ఏ 30 మిల్లీ ఆంపియర్లో తింటూ ఉంటాయి. చాలా తక్కువే. కానీ రోజుకి 24 గంటలు. లెక్కేస్తే రోజుకి 0.7 ఆంపియర్ అవర్లు. నెలకి 21. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో సగానికిపైగా అలా కూర్చునే కరిగిపోతుంది. 2020 లాక్‌డౌన్ సడలించాక ఎన్నో ఇళ్లముందు కార్లు కదలకపోవడానికి కారణం ఇదే.

హెడ్‌లైట్లు ఆర్పడం మరిచిపోతే ఇంకా తొందర. పాత తరహా హాలోజన్ బల్బులు రెండు కలిసి దాదాపు 10 ఆంపియర్లు లాగుతాయి. పెళ్లికి వెళ్లి, భోజనాలు చేసి, నాలుగు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి బ్యాటరీ ఖాళీ!

ఖాళీ అవడం కన్నా, ఖాళీగా ఉంచేయడం ఇంకా చేటు. బ్యాటరీ వాడుతున్నకొద్దీ పలకలమీద సీసం సల్ఫేట్ పేరుకుంటుంది. వెంటనే చార్జి చేస్తే కరిగిపోతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టిపడి స్ఫటికాల్లా బిగుసుకుంటుంది. ఇక ఎంత చార్జి పెట్టినా ఆ మేరకు పలక పనిచేయదు.

మూడో శత్రువు ఎండ. చలికి బ్యాటరీ మొరాయిస్తుందని అందరికీ తెలుసు. దాని ఆయుష్షుని తినేది మాత్రం వేడి. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ లోపలి నీరు ఆవిరవుతుంది. పలకలు తొందరగా అరిగిపోతాయి. రెంటచింతల, రామగుండం ఎండల్లో రోజంతా నిలబెట్టే కారు బ్యాటరీ, నీడపట్టున ఉండే కారు బ్యాటరీ ఒకేలా మన్నవు. మన దగ్గర మూడు నాలుగేళ్లు వస్తే బాగా వచ్చినట్టే.

నెలకి పది నిమిషాలు చాలు

బ్యాటరీని చూసుకోవడం పెద్ద విద్యేం కాదు. ఆదివారం కారు కడిగేటప్పుడు ఇంకో పది నిమిషాలు కేటాయిస్తే సరిపోతుంది. ముందుగా చేతికున్న ఉంగరం, వాచీ, గాజులు, కడియం తీసి పక్కన పెట్టాలి. 12 వోల్టులకు షాక్ కొట్టదు నిజమే. కానీ ఉంగరం ప్లస్ కొసకీ కారు ఇనుముకీ మధ్య ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలి వేలిని పట్టేస్తుంది. కళ్లకు అద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు ఉంటే మంచిది.

టెర్మినళ్లమీద తెల్లగానో, పచ్చగానో పొడిలాంటిది పేరుకుందా? దాన్ని చేత్తో గోకకూడదు, నోటితో ఊదకూడదు. అందులో యాసిడ్ ఉంటుంది. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో చెంచా వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే నురగలా పొంగి వదిలిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ మూతల లోపలికి మాత్రం పోకూడదు. తర్వాత తడిబట్టతో తుడిచి, ఆరాక వైర్లు బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే మళ్లీ అంత తొందరగా పట్టదు.

శుభ్రానికైనా, మార్చడానికైనా వైర్లు విప్పేటప్పుడు ఒక వరుస ఉంది. విప్పేటప్పుడు ముందు మైనస్, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర్న మైనస్. ఎందుకంటే కారు ఇనుప ఒళ్లంతా మైనస్‌తోనే కలిసి ఉంటుంది. మైనస్ తీయకుండా ప్లస్‌మీద పానా వేసి తిప్పారనుకోండి. పానా రెండోకొస పొరపాటున బాడీకి తగిలితే నిప్పులు చిమ్ముతాయి. మైనస్ ముందే తీసేస్తే ఆ భయమే లేదు.

మూతలున్న బ్యాటరీ అయితే నీటిమట్టం చూడాలి. డబ్బామీద రెండు గీతలుంటాయి. నీరు ఆ రెంటి మధ్య ఉండాలి. తగ్గితే పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, మినరల్ వాటర్, ఇంట్లో ఫిల్టర్ నీళ్లు... ఏవీ పనికిరావు. వాటిలో మిగిలే లవణాలు పలకల్ని పాడుచేస్తాయి. ‘కాస్త యాసిడ్ పోస్తే పికప్ వస్తుంది’ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఆవిరయ్యేది నీరే గానీ యాసిడ్ కాదు. ఇంకోమాట... చార్జింగ్‌కి ముందే గీత దాకా నింపేస్తే, చార్జి అయ్యేటప్పుడు మట్టం పెరిగి పొంగిపొర్లుతుంది. పలకలు తేలి కనిపిస్తుంటే అవి మునిగేంతవరకే ముందు పోసి, మిగతాది చార్జింగ్ అయ్యాక నింపాలి.

‘మెయింటెనెన్స్ ఫ్రీ’ అని రాసి ఉన్నవాటికి నీళ్లు పోసే పనిలేదు. కొన్నింటిమీద చిన్న గాజు కన్ను ఉంటుంది. సాధారణంగా పచ్చగా ఉంటే బాగున్నట్టు, నల్లగా ఉంటే చార్జి కావాలన్నట్టు, తెల్లబోతే మార్చాలన్నట్టు. అయితే ఆ కన్ను చూసేది ఆరు గదుల్లో ఒక్కదాన్నే. మిగతా అయిదింటి సంగతి దానికి తెలియదు.

చివరిగా బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపు. చేత్తో కదిపితే బ్యాటరీ కదలకూడదు. మన రోడ్ల గతుకులకు వదులుగా ఉన్న బ్యాటరీ లోపలి పలకలు ఊగి ఊగి రాలిపోతాయి. కారు వాడకపోయినా వారానికోసారి అరగంట పైగా తిప్పిరావాలి. ఇంటిముందు అయిదు నిమిషాలు స్టార్ట్‌చేసి ఆపేస్తే లాభం లేకపోగా నష్టం. స్టార్టింగ్‌కి వాడిన కరెంటు, వెంటనే వేసిన ఏసీ, లైట్ల ఖర్చు... అన్నీ కలిపి తిరిగి జమయ్యేంత సమయం దానికి దొరకదు.

చార్జింగ్ పెట్టాలంటే...

ఇంట్లో చార్జి చేసుకోవడం తప్పేం కాదు, పద్ధతి తెలిస్తే. ముందుగా బ్యాటరీని ఓసారి పరకాయించి చూడాలి. డబ్బా పగిలినా, ఉబ్బినా, కారుతున్నా, కుళ్లిన గుడ్ల వాసన వేస్తున్నా దానికి చార్జర్ తగిలించనే కూడదు. మెకానిక్‌కి అప్పగించాలి.

చోటు గాలీవెలుతురూ ఉన్నదై ఉండాలి. మూసిన షెడ్డు, పడగ్గది, దేవుడి దీపం వెలిగే గది, గ్యాస్ స్టవ్ ఉన్న వంటిల్లు... ఇవేవీ పనికిరావు. పిల్లలు తిరిగే చోటు అసలే వద్దు. సిగరెట్లు, అగరొత్తులు, దోమల చుట్టలు దూరంగా ఉంచాలి. చీకటైతే టార్చిలైటే వాడాలి.

తర్వాత వరుస ఇదీ. బ్యాటరీ వైర్లు విప్పాలి. మూతలకున్న సన్నటి గాలి రంధ్రాలు మూసుకుపోలేదని చూడాలి. చార్జర్ స్విచ్చి ఆఫ్‌లో ఉండగానే ఎర్ర క్లిప్పు ప్లస్‌కి, నల్ల క్లిప్పు మైనస్‌కి పెట్టాలి. ఆ తర్వాతే స్విచ్చి వేయాలి. తీసేటప్పుడు తిరగేసి... ముందు స్విచ్చి ఆపాలి, తర్వాతే క్లిప్పులు తీయాలి. ఈ ఒక్క అలవాటు రవ్వ పుట్టకుండా కాపాడుతుంది.

ఎంత కరెంటు ఎక్కించాలి? ఆంపియర్ అవర్లలో పదోవంతు అన్నది పాతకాలం నుంచీ వస్తున్న మంచి లెక్క. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి మూడున్నర ఆంపియర్లు. పూర్తిగా ఖాళీ అయినదానికి పది పన్నెండు గంటలు పడుతుంది. తొందరగా అవుతుందని ఎక్కువ ఆంపియర్లు తోస్తే పలకలు వంగిపోతాయి. బైకు బ్యాటరీ ఇంకా చిన్నది. 5 ఆంపియర్ అవర్లదైతే అర ఆంపియరే. కారు చార్జర్‌ని దానికి తగిలిస్తే ఉడికిపోతుంది.

నిండగానే తనంతట తాను ఆగిపోయే ఆటోమేటిక్ చార్జర్లు ఇప్పుడు సులువుగా దొరుకుతున్నాయి. కొనేటట్టయితే అలాంటిదే కొనాలి. ఆగని పాత చార్జర్ అయితే గంటకోసారి వెళ్లి చూడాలి. డబ్బాని ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే స్విచ్చి ఆపేయాలి. రాత్రి పెట్టి పడుకోవడం అసలు కూడదు. ఇంజిన్ తనంతట ఆగి మళ్లీ స్టార్టయ్యే ‘స్టార్ట్-స్టాప్’ కార్లలో ఉండేవి ‘ఏజీఎం’, ‘ఈఎఫ్‌బీ’ రకం బ్యాటరీలు. వాటికి సరిపోతుందని చార్జర్‌మీద రాసి ఉంటేనే వాడాలి. కారుతోపాటిచ్చిన పుస్తకం ఓసారి తిరగేస్తే ఈ సంగతులన్నీ ఉంటాయి.

నిండిందో లేదో చెప్పడానికి కొద్ది వందల రూపాయల మల్టీమీటర్ చాలు. చార్జింగ్ ఆపి నాలుగైదు గంటలు ఊరుకుని చూస్తే, 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. 12కి తగ్గిందంటే ఆలస్యం చేయకుండా చార్జి పెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా చూస్తే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. అంతకన్నా బాగా తక్కువుంటే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, అల్టర్నేటర్‌ని చూపించాలి.

పక్కకారు సాయం తీసుకుంటే...

దారిలో ఆగిపోతే? మూడు దశాబ్దాల కిందట అయితే నలుగురూ దిగి తోసేవాళ్లు. గేరు వేసి క్లచ్ వదిలితే స్టార్టయ్యేది. ఆటోమేటిక్ గేర్ల కార్లకు ఆ పప్పులు ఉడకవు. మామూలు గేర్ల కారైనా ఇంజిన్ ఆగి ఉంటే స్టీరింగ్, బ్రేకు బిగుసుకుపోతాయి. రద్దీ రోడ్డుమీద అది ప్రమాదం. అలాంటప్పుడు పనికొచ్చేవి జంపర్ కేబుళ్లు. లావుపాటివి కొని డిక్కీలో పడేసుకోవాలి. ఇంట్లో వాడే సన్నటి వైర్లతో ఈ పని చేస్తే కరిగి చేతులు కాలుతాయి.

రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా నిలపాలి. రెండింటి తాళాలూ తీసేసి, లైట్లన్నీ ఆర్పేయాలి. ఎర్ర కేబుల్ ఒకకొస ఆగిన కారు ప్లస్‌కి, రెండోకొస సాయం చేసే కారు ప్లస్‌కి తగిలించాలి. నల్ల కేబుల్ ఒకకొస సాయం చేసే కారు మైనస్‌కి పెట్టాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. మిగిలిన నల్లకొసని ఆగిన కారు బ్యాటరీకి పెట్టకూడదు! బ్యాటరీకి దూరంగా, ఇంజిన్‌మీద రంగులేని గట్టి ఇనుప భాగానికి తగిలించాలి. చివరి క్లిప్పు తగిలేటప్పుడు చిన్న రవ్వ రావడం మామూలే. ఆ రవ్వ బ్యాటరీ దగ్గర పుట్టకుండా చేయడమే దీనిలోని కిటుకు.

సాయం చేసే కారుని స్టార్ట్‌చేసి నాలుగైదు నిమిషాలు ఆగాక రెండోదానికి సెల్ఫ్ కొట్టాలి. స్టార్టయ్యాక కేబుళ్లు పెట్టిన వరుసకి సరిగ్గా వెనకనుంచి తీసుకురావాలి. హైవేమీద లారీ డ్రైవర్లు మంచిమనసుతో ముందుకొస్తారు. కానీ చాలా లారీలవి 24 వోల్టులు. ఆ కరెంటు తగిలితే కారులోని కంప్యూటర్లు కాలిపోవచ్చు. వాళ్లని సాయమడగాల్సింది బ్యాటరీకి కాదు, మెకానిక్ ఎక్కడున్నాడో తెలుసుకోడానికి!

యాసిడ్ పడితే...

ఎంత జాగ్రత్తగా ఉన్నా చుక్క చిందొచ్చు. చర్మంమీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోస్తూ కడగాలి. తడిసిన బట్టలు తీసేయాలి. కంట్లో పడితే రుద్దకూడదు. రెప్పలు తెరిచిపట్టి కనీసం 15 నుంచి 20 నిమిషాలు మంచినీళ్లతో కడుగుతూనే ఉండి, ఆ తర్వాత ఆలస్యం లేకుండా కంటి ఆసుపత్రికి వెళ్లాలి. మంట తగ్గిందని ఊరుకోవద్దు. వంటసోడా నేలమీద ఒలికిన యాసిడ్‌మీద చల్లడానికే గానీ కంట్లో వేయడానికి కాదు. పాలు, నూనె లాంటి చిట్కాలూ వద్దు. బ్యాటరీ దగ్గర పని మొదలెట్టేముందే బకెట్ నీళ్లు పక్కన పెట్టుకుంటే ఆ కంగారులో కుళాయి వెతుక్కోనక్కర్లేదు.

చలిదేశాల్లో మనవాళ్లు

షికాగోలోనో, టొరంటోలోనో ఉన్న పిల్లల దగ్గరకి వెళ్లిన తల్లిదండ్రులకు ఇంకో సంగతి కొత్తగా ఉంటుంది. అక్కడి చలికి బ్యాటరీ శక్తి సగం దాకా పడిపోతుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి స్టార్టింగ్‌కి ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ మైనస్ 50 డిగ్రీలకూ గడ్డకట్టదు. ఖాళీ అయినది మైనస్ పదికి ముందే గడ్డకడుతుంది. ఎందుకంటే చార్జి దిగిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీరే. అలా గడ్డకట్టినదానికి చార్జర్ పెట్టినా, జంపర్ పెట్టినా పేలే ప్రమాదం ఉంది.

ఎలక్ట్రిక్ కార్లు కొన్నవాళ్లు మాకీ బాధ లేదు అనుకుంటారు. వాటిలోనూ లైట్లకు, తాళాలకు విడిగా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయినా కారు కదలదు. అయితే ఆ కార్ల బానెట్ కింద నారింజరంగు తీగలు కనిపిస్తే చెయ్యి పెట్టకూడదు. వాటిలో ఉండేది ప్రాణాలు తీసే వోల్టేజీ.

పాతది ఏం చేయాలి?

గంటన్నర తర్వాత తాతగారు తన మీటర్ తెచ్చి పెట్టి చూశారు. రాత్రంతా చార్జి పెట్టిన బ్యాటరీ చూపించింది 10.5 వోల్టులు! 12.6లోంచి 2.1 తీసేస్తే మిగిలేది సరిగ్గా అంతే. అంటే ఆరు గదుల్లో ఒకటి చచ్చిపోయింది. ఆ సంగతి పాత చార్జర్‌కి తెలియదు. నిండలేదనుకుని తోస్తూనే ఉంది. మిగిలిన అయిదు గదులు ఆ కరెంటుకి ఉడికిపోయాయి. మెకానిక్ ఉన్నరోజు ఒక్క అయిదు నిమిషాలు చూపించి ఉంటే ఈ రాత్రి ఇలా జరిగేదే కాదు.

‘‘మరి దీన్ని పాతసామాన్ల వాడికి వేసేద్దామా బాబాయిగారూ?’’ అంది ఆ ఇల్లాలు.

‘‘వద్దమ్మాయ్. కొత్తది కొనే షాపులోనే ఇచ్చేయ్. ధరలో తగ్గిస్తారు కూడా’’ అన్నారు తాతగారు.

అది డబ్బు సంగతి ఒక్కటే కాదు. వాడేసిన బ్యాటరీలో కిలోలకొద్దీ సీసం ఉంటుంది. పగలగొట్టి పెరట్లో కరిగిస్తే ఆ పొగ, ఆ దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. యాసిడ్ కాలవలో కలుస్తుంది. అదే సరైన కర్మాగారానికి చేరితే సీసమంతా మళ్లీ కొత్త బ్యాటరీలోకి వస్తుంది. అందుకే పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే బాధ్యతపై మన దేశంలో 2001లోనే నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2022లో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు అమల్లోకి వచ్చాయి.

కొత్తది కొనేటప్పుడు డబ్బామీద తయారైన నెల చూడాలి. షాపులో చాలా నెలలు కూర్చున్నది వద్దు. కారు పుస్తకంలో చెప్పిన ఆంపియర్ అవర్లకే సరిపోయేది తీసుకోవాలి. బిల్లు, గ్యారంటీ కార్డుమీద తేదీ వేయించి దాచుకోవాలి.

*

ఆరోజు అన్నవరం ప్రయాణం ఆగలేదు. తాతగారే ఆటో పిలిచి అందర్నీ బస్టాండుకి పంపించారు. ‘‘నలభై ఏళ్లు వీటి బ్యాటరీలకు నీళ్లు పోశాను. కారు కన్నా నమ్మకం’’ అంటూ నవ్వారు. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు కోసం పిల్లలు పోట్లాడుకున్నారు. పులిహోర దారిలోనే అయిపోయింది.

బావమరిది మాత్రం బస్సు కదిలేదాకా మాట్లాడలేదు. రాజమండ్రి దాటుతుంటే, గోదావరిలో చిల్లర వేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. చేతికి లైటర్ తగిలింది. ఓ క్షణం దానికేసి చూసి, కిటికీలోంచి బయటికి విసరబోయి ఆగాడు. మళ్లీ జేబులో వేసుకున్నాడు.

‘‘ఏంట్రా?’’ అంది అక్క.

‘‘ఇంటికెళ్లాక నీ దేవుడి గదిలో పెడతానక్కా. దీపం వెలిగించుకో. నాకింక దీంతో పనిలేదు.’’